పొయ్యి వెలిగించకుండా ఆసియా రుచులు: రా వీగన్ వంటకు అనంతపురం వంటింటి నుంచి సమగ్ర మార్గదర్శి

మే నెల మధ్యాహ్నం అనంతపురంలో పొయ్యి ముందు నిలబడి వండడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బయట 42 డిగ్రీలు, వంటింట్లో అంతకు మించి. నాలుగేళ్ల క్రితం సరిగ్గా అలాంటి ఎండల్లో మా చెల్లెలి కూతురు పదిహేను రోజులు ఉండిపోదామని వచ్చింది. తను రా వీగన్ ఆహారం తింటుంది. మాంసం, చేపలు, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. తినేదాన్ని కూడా సుమారు 46 నుంచి 48 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి చేయకూడదు. "నాకోసం ఏమీ చేయవద్దు పెద్దమ్మా, నాలుగు పళ్లు కోసి పెడితే చాలు" అంది. ఇంటికి వచ్చిన పిల్లకు పదిహేను రోజులూ పళ్లు కోసి పెట్టి ఊరుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. తనకు థాయ్, ఇండోనేషియా, కొరియా వంటలంటే ప్రాణం. వాటిని నిప్పు లేకుండా చేయడం అప్పుడు మొదలుపెట్టాను. తను వెళ్లిపోయింది గానీ నేను ఆపలేదు.

మొదటి వారం చేసినవేవీ బాగా రాలేదు. విదేశీయులు చెప్పిన కొలతలనే పట్టుకుని అవకాడో, జుకినీ, జీడిపప్పు కొన్నాను. డబ్బు అయింది, రుచి రాలేదు. పైగా జీడిపప్పును పచ్చిదని అమ్మినా అది నిజానికి పచ్చిది కాదని తర్వాత తెలిసింది. జీడిగింజ పెంకులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది కాబట్టి ఆవిరి పట్టించో వేయించో తప్ప పప్పు తీయరు. అప్పుడు ఆగ్నేయాసియా వంటల అసలు సరుకులు ఏమిటని ఒక కాగితం మీద రాసుకున్నాను: వేరుశనగ, కొబ్బరి, చింతపండు, నిమ్మ, అల్లం, వెల్లుల్లి, మిరప, పచ్చి బొప్పాయి. పాతూరు మార్కెట్టులో గంట తిరిగితే అన్నీ సంచిలోకి వస్తాయి. వేరుశనగ కోసమైతే మార్కెట్టుకు కూడా వెళ్లనక్కరలేదు, ఈ జిల్లాలో అది ఎవరో ఒకరి ఇంటి నుంచి వచ్చేస్తుంది.

నిప్పు చేసే పనిని పంచి ఇవ్వడం

ఈ వంటలో ముందు అర్థం చేసుకోవలసింది ఇదే. నిప్పు నాలుగు పనులు చేస్తుంది. గట్టిదాన్ని మెత్తబరుస్తుంది, పచ్చివాసన పోగొడుతుంది, రుచిని చిక్కబరుస్తుంది, వేరువేరు సరుకులను ఒకటి చేస్తుంది. నిప్పు తీసేసినప్పుడు ఆ నాలుగు పనులనూ వేరే చేతులకు అప్పగించాలి. ఊరికే కూరగాయలు తరిగి పైన నిమ్మరసం పిండితే అది సలాడ్ అవుతుంది తప్ప వంట అవదు.

మెత్తబరచడానికి నీళ్లూ ఉప్పూ ఉన్నాయి. పచ్చివాసన పోగొట్టడానికి నానబెట్టిన నీళ్లు పారబోయడం, అల్లం, పులుపు ఉన్నాయి. చిక్కబరచడానికి ఎండ, పులియబెట్టడం. అన్నిటినీ కలిపి ఒకటి చేయడానికి రోలు. ఇవి మనకు కొత్త విద్యలు కావు. శ్రీరామనవమి వడపప్పు నానడంతోనే తయారవుతుంది. కోసంబరికి పోపు తీసేస్తే మిగిలేది రా వీగన్ వంటే. ఉగాది పచ్చడిలో బెల్లం ఒక్కటే నిప్పు చూసింది. ఊరగాయకు ఉప్పు ఎంత పట్టాలో, వడియం ఎప్పుడు తిరగేయాలో మన ఇళ్లలో పెద్దవాళ్లకు చేతి లెక్క. ఆ చేతులకు థాయ్ పేర్లూ కొరియా పేర్లూ మాత్రమే కొత్త.

మొదలుపెట్టే ముందు: ఏది పచ్చిగా తినకూడదు

నిప్పు రుచి కోసమే కాదు, రక్షణ కోసం కూడా. దాన్ని తీసేసినప్పుడు ఆ బాధ్యత వండేవారి మీద పడుతుంది. అందుకే ఈ భాగాన్ని తొందరపడి దాటేయవద్దు.

రాజ్మా పచ్చిగా విషం. నానబెట్టినా, మొలకెత్తించినా ఆ దోషం పోదు, గట్టిగా ఉడకాల్సిందే. చిక్కుడు గింజలు, కర్రపెండలం, చేమ, కంద కూడా పచ్చిగా పనికిరావు. సొరకాయను నూడుల్స్‌లా తురమవచ్చని కొందరు చెబుతారు. నేను వాడను. ఎవరైనా వాడితే ముందు ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడాలి, ఏ కాస్త చేదున్నా ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రుల పాలైనవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన దేశంలోనే ఉన్నారు. కీరాకు కూడా ఇదే పరీక్ష.

మొలకల సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఆరోగ్యానికి మంచివని మనం నమ్మే మొలకలే పచ్చి ఆహారంలో జాగ్రత్త పడవలసిన వాటిలో ముందుంటాయి. గింజ మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనం బ్యాక్టీరియాకు కూడా సరిగ్గా సరిపోతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఇ.కోలై అనే బ్యాక్టీరియా వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. మన వేసవిలో గుడ్డలో కట్టిన మొలకలు రెండు రోజులు వెచ్చగా కూర్చుంటాయి. అందుకే మొలకలు వేయమన్న ప్రతిచోటా నేను రెండు గంటలు నానిన పెసరపప్పు వాడతాను. కరకరలాడుతుంది, అంతసేపు తడిలో ఉండదు.

కాబేజీ, కొత్తిమీర, ఆకుకూరలు మురుగునీటితో పండితే వాటి మీద నులిపురుగుల, బద్దెపురుగుల గుడ్లు ఉండవచ్చు. ఉప్పునీళ్లలోనో వెనిగర్ నీళ్లలోనో ముంచి తీస్తే అవి చావవు. పారే నీళ్ల కింద వేళ్లతో రుద్ది కడగడమే అసలు పని. కాబేజీకి పైన మూడు నాలుగు ఆకులు తీసేసి, మిగిలినవాటిని ఒక్కొక్క ఆకుగా విడదీసి రుద్దండి. చివరి కడుగు తాగే నీళ్లతో ఉండాలి.

వేరుశనగ గింజల్లో ముడతపడినవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయాలి. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే గింజకు అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పట్టే ముప్పు పెరుగుతుంది. ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే మన జిల్లాలో అది ఎప్పుడూ ఉండే భయమే. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు కాబట్టి ఇది పచ్చివంట చేసేవారి సమస్య ఒక్కటే కాదు. పళ్లెంలో పోసి వెలుతురులో ఏరే అలవాటు అందరికీ ఉండాలి. వేరుశనగ పడనివారు ఇంట్లో ఉంటే ఈ సాస్‌ల జోలికే వెళ్లవద్దు.

ఇంకొక మాట. గర్భిణులు పచ్చి బొప్పాయి తినకూడదని మన పెద్దవాళ్లు చెప్పేది పాటించండి, కాయలోని పాల గురించి వైద్యులు కూడా జాగ్రత్త చెబుతారు. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి, జబ్బుపడి లేచినవారికి పచ్చి భోజనం పెట్టాలనుకుంటే ముందు వైద్యుడిని అడగాలి. రోజూ ఇదే ఆహారంగా ఉండేవారు బి12 విటమిన్ మాత్రలు తప్పనిసరిగా వేసుకోవాలి. పులిసిన పదార్థాల్లో అది దొరుకుతుందనుకోవడం పొరపాటు. మా ఇంట్లో ఇది వారానికి మూడు పూటలు, మిగతా పూటలు అన్నమూ సంగటీ.

సరుకులు: ఏది నిజంగా పచ్చిది

బెల్లం చెరకు రసాన్ని కాచి చేస్తారు, కాబట్టి లెక్కలోకి రాదు. తీపికి ఖర్జూరం వాడండి. అటుకులు కూడా ఉడికినవే, వడ్లను నానబెట్టి వేయించి దంచుతారు. సోయా సాస్‌లో సోయా ఉడుకుతుంది, గోధుమ వేగుతుంది. నూనె గానుగ వేరుశనగ నూనో, గానుగ నువ్వుల నూనో అయితే మంచిది. ఎండుమిరప ఎండలో ఎండినదే కాబట్టి ఇబ్బంది లేదు. కొబ్బరిపాలు డబ్బావి వద్దు. చిప్ప తురిమి, కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి, రుబ్బి, పల్చని గుడ్డలో పిండుకోండి. వేలు పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు.

సోయా సాస్, చేపల సాస్ ఇచ్చే ఆ లోతైన ఉప్పు రుచి దేనితో తేవాలన్నది చాలాకాలం నన్ను వేధించింది. దానికి జవాబు టమాటాలో దొరికింది. చేపల సాస్‌కూ సోయా సాస్‌కూ ఆ రుచినిచ్చే గ్లుటమేట్ పండిన టమాటాలో సహజంగానే ఉంటుంది, ఎండితే చిక్కబడుతుంది. కక్కలపల్లి మండీలో ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసి పోవడం చూసి ఎన్నిసార్లో గుండె చెరువైంది. ఆ రోజుల్లో ఒక గంప ఎక్కువ కొనండి. బాగా పండిన కాయను నాలుగు చీలికలు చేసి, గింజల గుజ్జు తీసేసి, కిలోకు 20 గ్రాముల కల్లుప్పు పట్టించి, నులక మంచం మీద పరిచిన గుడ్డ మీద ఎండబెట్టండి. పైన పల్చని గుడ్డ కప్పండి. మేలో రెండు మూడు రోజులు చాలు, రాత్రికి లోపల పెట్టాలి. స్టీలు పళ్లెంలోనో మిద్దె మీది సిమెంటు మీదో నేరుగా వేస్తే అడుగు 50 డిగ్రీలు దాటి కాలుతుంది. మంచం మీద అయితే కింద నుంచి గాలి ఆడుతుంది. చిటుక్కున విరిగేలా ఎండాక పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. కింద "టమాటా పొడి" అన్నచోటల్లా ఇదే.

కరెడోక్: మన వేరుశనగకు దూరపు చుట్టం

ఇండోనేషియాలో జావా దీవి పడమటి భాగాన ఉండే సుండా ప్రజల వంట ఇది. గాడో గాడో పేరు చాలామంది వినే ఉంటారు. అందులో కూరగాయలను ఉడికించి వేరుశనగ సాస్ పోస్తారు. కరెడోక్‌లో కూరగాయలన్నీ పచ్చివే. ఎవరో కొత్తగా పచ్చి వంటగా మార్చినది కాదు, అక్కడి ఊళ్లలో తరతరాలుగా అలాగే తింటున్నారు. అందుకే మొదటిసారి చేసేవారికి దీన్నే చెబుతాను. మనం మార్చవలసినవి నాలుగే. వాళ్లు వేరుశనగను వేయించి వేస్తారు, రొయ్యల ముద్ద కలుపుతారు, తాటిబెల్లం వేస్తారు, కెంచుర్ అనే దుంప వాడతారు. మనం గింజను నానబెడతాం, రొయ్యల బదులు టమాటా పొడి, బెల్లం బదులు ఖర్జూరం, ఆ దుంప బదులు మామిడి అల్లం.

నలుగురికి కావలసినవి: పచ్చి వేరుశనగ గింజలు 150 గ్రాములు, పండుమిరపకాయలు మూడు, వెల్లుల్లి మూడు రెబ్బలు, మామిడి అల్లం అంగుళం ముక్క, ఉసిరికాయంత చింతపండు, ఖర్జూరాలు నాలుగు, టమాటా పొడి ఒక చిన్న చెంచా, కల్లుప్పు ముప్పావు చిన్న చెంచా, గానుగ నూనె ఒక పెద్ద చెంచా, ఒక నిమ్మకాయ. కూరగాయలు: లేత అలసంద కాయలు 100 గ్రాములు, కాబేజీ 150 గ్రాములు, కీరా ఒకటి, క్యారెట్ ఒకటి, నానిన పెసరపప్పు అర కప్పు, గుప్పెడు సబ్జా ఆకు. సబ్జా ఆకు అంగట్లో దొరకదు. సబ్జా గింజలు కుండీలో చల్లితే కొన్నాళ్లకు మొక్క చేతికి వస్తుంది. దాని ఆకు వాసన సుండా వాళ్లు వాడే తులసి జాతి ఆకుకు చాలా దగ్గర.

1. ముందు రోజు రాత్రి గింజలను ఏరి, కడిగి, మూడింతల నీళ్లలో నానబెట్టండి. నిద్రపోయే ముందు ఒకసారి నీళ్లు మార్చండి. ఎనిమిది గంటలు చాలు. వేసవిలో అంతకు మించితే పులిసిపోతాయి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

2. పొద్దున నీళ్లు పారబోసి, రెండు అరచేతుల మధ్య గింజలను నలిపితే పొట్టు ఊడి వస్తుంది. పొట్టులో వగరు ఉంటుంది, ఓపికగా తీసేయండి. గింజలను గుడ్డ మీద పరిచి రెండు గంటలు ఎండ చూపించండి. ఈ చిన్న పని మానేస్తే సాస్‌లో పచ్చివాసన నిలిచిపోతుంది. నేను మూడుసార్లు చెడగొట్టుకున్నాక పట్టుకున్న కిటుకు ఇది. పై తడి ఆరి, గింజ వెచ్చబడి, కొరికితే పాలవాసన వస్తుంది. అక్టోబరులో చేను పీకేటప్పుడు అక్కడికక్కడే ఒలుచుకుని తిన్న చెనక్కాయ రుచి తెలిసినవారికి ఆ వాసన వెంటనే గుర్తుకొస్తుంది.

3. చింతపండును అర కప్పు చల్లని నీళ్లలో గంటసేపు నానబెట్టి పిసికి రసం తీయండి. ఖర్జూరాల గింజలు తీసి ఆ రసంలోనే వేయండి.

4. రోట్లో ముందు ఉప్పు, మిరప, వెల్లుల్లి, మామిడి అల్లం వేసి మెత్తగా నూరండి. వరుస ముఖ్యం. కల్లుప్పు రాపిడికి మిరప తోలు నలిగిపోవాలి. తర్వాత వేరుశనగ గుప్పెడు గుప్పెడుగా వేసి దంచండి. మొదట గింజలు ఎగిరిపడతాయి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకోండి. కాసేపటికి చప్పుడు మారుతుంది. టకటక పోయి మెత్తగా, తడిగా వినిపిస్తుంది. ముద్ద రోకలికి అంటుకుని పైకి లేస్తుంది, అంచుల్లో నూనె మెరుస్తుంది. అప్పుడు ఖర్జూరం, చింతపండు రసం, టమాటా పొడి వేసి కలపండి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, ఏకధాటిగా తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కుతుంది, ముద్ద జిగటవుతుంది.

5. నిమ్మరసం, నూనె చివర్లో. సాస్ చెంచా నుంచి ముద్దగా జారాలి. నీళ్లు కావాలంటే చెంచా చెంచాగా పోయండి.

6. అలసంద కాయలను సన్నని చక్రాలుగా తరగండి. కాబేజీని జుట్టులా తరిగి చిటికెడు ఉప్పు వేసి వేళ్లతో నలపండి. కూరగాయలన్నిటినీ రోట్లోని సాస్‌లోనే వేసి రోకలితో మెల్లగా రెండు మూడుసార్లు నొక్కి, అడుగు నుంచి పైకి తిప్పండి. ముక్కకు సాస్ పట్టాలి, ముక్క నలిగిపోకూడదు. సబ్జా ఆకు చేత్తో తుంచి వేసి వెంటనే వడ్డించండి. ఈ ఎండల్లో కలిపిన గంటలోపు తినేయాలి.

సాస్ మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మా అత్తగారు దాన్ని మన వేరుశనగ పచ్చడి పేరుతో ఊరిబిండి అనే పిలుస్తారు, సంగటిలోకి అడిగి వేయించుకుంటారు.

సోమ్ తమ్: పచ్చి బొప్పాయి

థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఇసాన్, దాని పక్కనున్న లావోస్ దీనికి పుట్టిళ్లు. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. పేరులోనే పద్ధతి ఉంది. చాలామంది దంచకుండా తురిమి కలిపేస్తారు, అక్కడే రుచి తప్పిపోతుంది.

కాయ ఎంపికతోనే సగం పని అయిపోతుంది. బొప్పాయి తోటలు మన జిల్లాలోనూ కడప జిల్లాలోనూ కావలసినన్ని ఉన్నా బజారుకు వచ్చేవి మాత్రం రంగు తిరిగినవే. కూరగాయలమ్మే ఆమెకు ముందు రోజే చెప్పి ఉంచాలి. మొదటిసారి అడిగినప్పుడు "పచ్చిది ఏం చేస్తావమ్మా, కూరకా? ఇంట్లో కడుపుతో ఎవరూ లేరు కదా?" అని అడిగి, లేరని చెప్పాకనే ఇచ్చింది. కాయ ముదురు ఆకుపచ్చగా, గోరు దిగనంత గట్టిగా ఉండాలి. కోస్తే లోపల కండ తెల్లగా, గింజలు తెల్లగా ఉండాలి. కాస్త పసుపు తిరిగినా తీపి వచ్చి మెత్తబడుతుంది.

ముగ్గురికి 300 గ్రాముల కోరు కావాలి. చేతులకు నూనె రాసుకుని తొక్క తీయండి, పాలు అంటితే దురద పెడుతుంది. థాయ్ అమ్మలు కాయను అరచేతిలో పట్టుకుని కత్తితో నిలువుగా గాట్లు మీద గాట్లు పెట్టి, తర్వాత పైపొర చెక్కుతారు. పోగులు ఒకటి సన్నం, ఒకటి లావుగా వస్తాయి, అదే దాని అందం. కత్తి అలవాటు లేనివారు పెద్ద కంతల తురుముపీటతో కోరవచ్చు. కోరును పావుగంట చల్లని నీళ్లలో వేసి, గట్టిగా పిండి, గుడ్డలో ఆరబెట్టండి. తడి ఉంటే పులుసు పలచబడిపోతుంది.

రోట్లో వెల్లుల్లి రెండు రెబ్బలు, పచ్చిమిరప మూడు, అర చిన్న చెంచా ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచండి. నానబెట్టి ఆరబెట్టిన వేరుశనగ రెండు పెద్ద చెంచాలు, అంగుళం ముక్కలుగా విరిచిన అలసంద కాయలు నాలుగు వేసి రెండు దెబ్బలు వేయండి. రెండు ఖర్జూరాల గుజ్జు, చింతపండు రసం రెండు పెద్ద చెంచాలు, టమాటా పొడి చిన్న చెంచా, ఒక నిమ్మకాయ రసం కలపండి. ఇప్పుడు బొప్పాయి కోరు వేయండి. కుడిచేత్తో రోకలి పోటు, ఎడమచేత్తో గరిటె తిప్పు, రెండూ ఒక లయలో సాగాలి. ఇరవై పోట్లు చాలు. పోగు నలగాలి గానీ చితకకూడదు. వంగినా విరగకుండా ఉండి, కొరికితే కరకరమంటే అయినట్టు. చివర్న ఒక టమాటా ముక్కలుగా కోసి వేసి ఒక్క పోటు వేయండి. రుచి చూస్తే ముందు పులుపు, వెంట ఉప్పు, ఆ తర్వాత కారం, చివర్న తీపి తగలాలి. తీపి ముందుకొస్తే నిమ్మరసం ఇంకొంచెం పిండండి.

కిమ్చీ: ఎండను లెక్కలోకి తీసుకుని

కొరియాలో చలికాలం ముందు ఇరుగుపొరుగు అంతా కలిసి కిమ్చీ అనే పులిసిన కాబేజీ ఊరగాయ వేసుకుని పంచుకునే ఆచారాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో వీధి వీధంతా ఆవకాయ కలిపే ఊళ్లవాళ్లకు ఆ సంబరం ఎలాంటిదో వేరే వివరించనక్కరలేదు.

అక్కడ వాడే పొడవాటి కాబేజీ దొరకకపోతే మన మామూలు కాబేజీతోనే చేయండి. కొరియా మిరపపొడి ఎర్రగా ఉండి కారం తక్కువగా ఉంటుంది. దానికి సరిజోడు బ్యాడిగి మిరప. గుంటూరు మిరపతో అదే కొలతలో చేస్తే నోట పెట్టలేరు. కాబేజీ కిలో, ముల్లంగి 150 గ్రాములు, ఉల్లికాడలు ఒక కట్ట, బ్యాడిగి పొడి రెండు పెద్ద చెంచాలు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, అల్లం అంగుళం, ఆపిల్ సగం, టమాటా పొడి చెంచా. కొరియా వాళ్లు బియ్యప్పిండి జావ కాచి కలుపుతారు, ఆపిల్ గుజ్జు ఆ పని చేస్తుంది.

ఉప్పు తూకం వేసుకోండి, కంటి అంచనా వద్దు. కిలోకు చలికాలంలో 25 గ్రాములు, ఏప్రిల్, మే నెలల్లో 30 గ్రాములు. కాబేజీని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి ఉప్పు చల్లి పది నిమిషాలు చేత్తో పిసకండి. మొదట ముక్కలు పెళుసుగా విరుగుతాయి. కాసేపటికి వేళ్ల సందుల్లో చల్లగా నీరు ఊరుతుంది, కొండలా ఉన్న కాబేజీ సగానికి దిగిపోతుంది. గంట అలా ఉంచండి. ఆ నీటిని పారబోయవద్దు, కిమ్చీని కాపాడేది అదే.

మిగతావి ముద్దగా నూరి కాబేజీకి పట్టించి, ముల్లంగి, ఉల్లికాడలు కలిపి గాజు సీసాలో ముప్పావు వంతు వరకు కుక్కండి. గాలి బుడగలు లేకుండా పిడికిలితో అదమాలి. ముక్కలన్నీ ఊటలో మునగాలి. పైన ఒక కాబేజీ ఆకు కప్పి, శుభ్రంగా కడిగిన చిన్న గాజు గిన్నె బరువుగా పెట్టండి. మన ఊరగాయకు నూనె తేలాలి, దీనికి ఉప్పుఊట తేలాలి. మూత వదులుగా పెట్టండి.

చల్లని దేశాల్లో మూడు నుంచి ఐదు రోజులు బయట ఉంచమంటారు. అనంతపురం మేలో అన్ని రోజులు ఉంచితే మెత్తబడి ముక్కు పగిలే పులుపు వస్తుంది. సీసాను వెడల్పాటి మట్టికుండలో దింపి, కుండ చుట్టూ తడి గోనెసంచి చుట్టి, గాలి ఆడే నీడలో పెట్టండి. మన గాలి పొడిగాలి కాబట్టి తడి త్వరగా ఆవిరై లోపల బాగా చల్లబడుతుంది. కోస్తా ఉక్కపోతలో ఈ ఉపాయం ఇంత బాగా పనిచేయదు. రోజుకు మూడుసార్లు సంచి తడపండి. ఒక రోజు తర్వాత మూత తీసి చూడండి. బుడగలు లేస్తూ, పుల్లని మంచి వాసన వస్తే ఫ్రిజ్‌లోకి మార్చండి. చలికాలంలో మూడు రోజులు పట్టవచ్చు. ఫ్రిజ్‌లో వారం గడిచాక రుచి నిలదొక్కుకుంటుంది, నెల రోజులు బాగుంటుంది. పైన దూదిలాంటి బూజు కనిపిస్తే తీసేసి తినే ప్రయత్నం చేయవద్దు, మొత్తం పారేయండి.

త్వరగా అయ్యే రెండు

థాయ్ వంట పాడ్ థాయ్‌లో బియ్యపు నూడుల్స్ ఉంటాయి, అవి పచ్చివి కావు. వాటి బదులు లేత కొబ్బరి వాడతాం. కొబ్బరిబొండాల బండి దగ్గర లోపల కండ మందంగా ఉన్నది అడిగి నాలుగు తెచ్చుకోండి. కండను చెంచాతో పెద్ద పలకలుగా తీసి నూడుల్స్‌లా చీరండి. చింతపండు రసం, ఖర్జూరం, ఉప్పు, టమాటా పొడి, దంచిన వెల్లుల్లితో సాస్ చేసి కలిపి, ఉల్లికాడలు, దంచిన వేరుశనగ, నిమ్మచెక్క పెట్టండి. కొబ్బరి లేతది కాబట్టి అరగంట కూడా ఆగకుండా తినాలి.

వియత్నాం ఆకుచుట్టలకు బియ్యపు కాగితం బదులు కాబేజీ ఆకు. ఆకు ఈనెను పల్చగా చెక్కి, చిటికెడు ఉప్పు రాసి ఇరవై నిమిషాలు ఉంచితే మడతకు లొంగుతుంది. లోపల కీరా, క్యారెట్, మామిడి పుల్లలు, పుదీనా, కొత్తిమీర. నంచుకోవడానికి కరెడోక్ సాస్. బనగానపల్లె మామిడి వచ్చే రోజుల్లో కాస్త దోరగా ఉన్న కాయతో చేసి చూడండి.

నంచుకునే అప్పచ్చులు, ఎండలో

ఇండోనేషియాలో ఏ పళ్లెం పక్కనైనా నూనెలో వేగిన అప్పడంలాంటిది ఒకటి కరకరలాడాలి. దాని బదులు అవిసె గింజలు ఒక కప్పు ఒకటిన్నర కప్పు నీళ్లలో నాలుగు గంటలు నానబెట్టండి. గింజల నుంచి జిగురు ఊరి ముద్దలా పట్టుకుంటుంది. అందులో నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, టమాటా పొడి, ఉప్పు, మిరప కలిపి, నూనె రాసిన కాగితం మీద రూపాయి బిళ్ల మందంలో పరవండి. ఉదయం ఎనిమిదికల్లా మంచం మీదకు చేరాలి. మధ్యాహ్నం పైపొర ఆరాక ఇంకో కాగితం కప్పి తిరగేసి, మొదటి కాగితాన్ని మెల్లగా ఒలిచి, కత్తితో చదరాలు గీయండి. రెండో రోజు సాయంత్రానికి విరిస్తే పుటుక్కుమనాలి. వంగితే ఇంకో పూట ఎండ కావాలి. గాలి చొరని డబ్బాలో పది రోజులు నిలుస్తాయి, మనిషికి రెండు మూడు చాలు. వానాకాలంలో, మబ్బు పట్టిన రోజుల్లో ఇవి మొదలుపెట్టవద్దు, ఆరకముందే బూజు పడతాయి.